డాబా మీద ముగియని పదం

ఆ దివాణం వెనకాల దిగుడుబావి ఉందే, మీ అమ్మలు మిమ్మల్ని అటు పోనివ్వరు కదా, పొద్దువాలితే గొడ్లు కూడా అటు మళ్ళవని చెబుతారు కదా, ఆ బావిలో ఏమీ లేదర్రా. పాచీ కప్పలూ తప్ప ఏమీ లేదు. పాపం దాన్ని ఊరికే ఆడిపోసుకుంటారు. ఉన్నదంతా పైన, డాబా మీద ఉంది. జరగండి, ఆ పిల్లకి కాస్త చోటివ్వండి, చెబుతాను.

ఆ దివాణం ఎప్పటిదనుకున్నారు? రెడ్డిరాజుల నాటిది. వాళ్ళ దండనాయకుడెవరో వేటకొచ్చినప్పుడు ఉండటానికి కట్టించుకున్నాట్ట. గోడ మీద మంచం వేసుకుని పడుకోవచ్చు, అంత మందం. నడుమ ఆకాశం కనపడే మండువా, కింద బండపరుపు, పైన సున్నపు డాబా. అప్పుడు సిమెంటెక్కడిది? సున్నాన్ని ఎద్దుల గానుగలో ఆడించి, కరక్కాయ నీళ్ళూ బెల్లం నీళ్ళూ కలిపి, పైన పరిచి, ఆడవాళ్ళు వరసగా గొంతుక్కూర్చుని చెక్కలతో కొట్టేవాళ్ళు, అది రాయి అయ్యేదాకా కొట్టేవాళ్ళు. చెయ్యి ఆడాలంటే పాట ఉండాలి కదా, అందుకని ఒకామె పదం ఎత్తుకుంటే మిగతావాళ్ళు అందుకునేవాళ్ళు. తరతరాలుగా అదే పదం. చివరిరోజు ఎత్తుకున్నామే ఆఖరి చరణం అనాలి, అందరూ గొంతు కలపాలి, అప్పుడు దిగాలి. ముగించకుండా దిగితే? ఎత్తుకున్నామె ప్రాణం అక్కడే ఉండిపోతుందని వాళ్ళ నమ్మకం.

కట్టినప్పుడు అలాగే అయిందట. గాలీవానా వచ్చి అందరూ దిగిపోతే, పదం ఎత్తుకున్నామె మాత్రం పచ్చి సున్నం కొట్టుకుపోతుందని గోనెలు కప్పుతూ ఉండిపోయి, కాలు జారి మండువాలో పడి ప్రాణం విడిచింది. దండనాయకుడికి తొందర. మర్నాడు వేరే కూలీల్ని ఎక్కించి, పాటా లేదు గీటా లేదు, పని కానిచ్చేశారు. ఆమె పేరు కూడా ఎవరికీ తెలీదు.

తర్వాత ఇల్లు పాడుపడింది, గోడల్లో రావిమొక్కలు మొలిచాయి, మా చిన్నతనంలో గుంటూరు ఆసామి ఒకాయన కొని, పాత పద్ధతిలోనే బాగుచేయించాలని పట్టుబట్టి దావూదు మేస్త్రీని పిలిపించాడు. ఆయన మళ్ళీ గానుగ పెట్టించి మన ఊరి ఆడవాళ్ళని పనికి పిలిచాడు. అందులో నాంచారమ్మ ఒకతె. మొగుడు పోయాడు, పిల్లల్లేరు, ఇంట్లో పలకరించే దిక్కు లేక పొయ్యితో మాట్లాడుకునేది. గొంతు మాత్రం బంగారం. అందుకని పదం ఎత్తుకోవడం ఆమెకే అప్పజెప్పారు.

ఒక సాయంత్రం తక్కినవాళ్ళు వక్కాకు వేసుకోవడానికి దిగితే, ఈవిడ ఊరికే ఒక చరణం అంది. పిట్టగోడ మూల, ఎవరూ లేని చోట చెక్క దెబ్బ పడింది, దాంతోపాటే పాట అందుకున్న గొంతు. భయపడిందా అంటే, పడింది. కానీ అది ఎన్నాళ్ళుగానో మాట్లాడక బొంగురుపోయిన గొంతు. తనదీ అదే బతుకు కదా. మర్నాడూ పాడింది, మర్నాడూ బదులొచ్చింది. ఇక చూడండి, అందరికంటే ముందెక్కి అందరికంటే వెనక దిగేది, ఇంటికెళ్ళి తనలో తనే నవ్వుకునేది. మేస్త్రీ అనుమానపడి అడిగితే దాచకుండా చెప్పింది. ఆయనకి కట్టినప్పటి సంగతి తెలుసు, పాపం ఆ తల్లి విడుదల కోసం చూస్తోందమ్మా, రేపటితో పని ఆఖరు, నువ్వు పదం ముగించావంటే వెళ్ళిపోతుంది అన్నాడట.

వెళ్ళిపోతుందా? ఆ పూట నాంచారమ్మకి అన్నం సయించలేదు.

మర్నాడు అందరూ చెక్కలు పట్టుకుని ఆమె వంక చూశారు. మూల నుంచి కూడా ఎవరో ఆశగా చూస్తున్నట్టే ఉందట. నాంచారమ్మ అన్ని చరణాలూ పాడి, ఆఖరిది మాత్రం మింగేసి, గొంతు పట్టేసిందంటూ చెక్క కింద పెట్టేసింది. తప్పే. ఆమెకీ తెలుసు తప్పని. కానీ మళ్ళీ ఆ పొయ్యి దగ్గరికే వెళ్ళాలంటే ఆమెకి చేతకాలేదు.

పనైపోయింది, మేస్త్రీ గానుగ విప్పుకుని వెళ్ళిపోయాడు, కూలీలు తలో పనిలో పడ్డారు. ఆ సాయంత్రమే నాంచారమ్మ ఒక్కతే డాబా ఎక్కి, ఎంతో ఇష్టంగా పదం ఎత్తుకుంది. మూల నుంచి చెక్క చప్పుడు లేదు. మర్నాడూ లేదు. బతిమాలింది, ఏడ్చింది, చివరికి ఆ మింగేసిన చరణం కూడా పాడింది. గొంతు కలపడానికి ఎవరున్నారు? అలా పాడీ పాడీ, ఒక వానాకాలం అక్కడే పోయింది.

ఇప్పుడు ఇద్దరూ ఉన్నారక్కడ. ఒకావిడ పాడుతూనే ఉంటుంది, తనని విడిపించలేదన్న కోపంతో రెండో ఆవిడ బదులివ్వదు. అందుకని అటు వెళ్ళకండి. వెళ్ళినా, జాలిపడి పాట అందుకోకండి, అందుకుంటే ఇక ఆ పాడే ఆవిడ మిమ్మల్ని దిగనివ్వదు. లేవండి, అన్నాలు చల్లారిపోతున్నాయి.