మా నాన్న పూసిన గోడ

“తాతయ్యా, ఆ పాత మేడ వాచ్‌మన్‌తో గొడవ పెట్టుకొచ్చావంట, నిజమేనా?”

వాచ్‌మన్‌తో కాదే, ఇంజనీరుతో. వాచ్‌మన్ పాపం మంచోడు, కుర్చీ వేశాడు. మీ అమ్మ చెప్పిందా? సరే, చెబుతాను గానీ ఆ ఫ్యాను కాస్త తగ్గించు, నా గొంతు నాకే వినబడట్లేదు.

గోదారి గట్టు దగ్గర పాత జమీందారు గారి మేడ ఉంది చూడు, దాన్నిప్పుడు ఫ్లాట్లు చేస్తున్నారు. లగ్జరీ ఫ్లాట్లంట. మేడ మాకంటే చాలా ముందుది. కింద హాల్లో పెద్ద గోడకి పూత మాత్రం మా నాన్నది. నాకప్పుడే మీసాలొస్తున్నాయి, పక్కన నేనూ పనిచేశాను. గానుగలో ఆడించిన సున్నం, కరక్కాయ నీళ్లు, బెల్లం, ఆఖర్న కోడిగుడ్డు సొన. గుడ్డు పది పైసలప్పుడు... కాదులే, పన్నెండేమో. ఇంట్లో పిల్లలకి లేని గుడ్లు గోడకి తినిపిస్తున్నారని మా అమ్మ ఒకటే సణుగుడు. పూశాక గులకరాయితో రుద్దాలి. రుద్దడమంటే ఏంటనుకున్నావు, భుజాలు పడిపోయేవి. ఆఖరికి గోడలో మొహం కనబడేది.

ఏం చెబుతున్నాను? ఆఁ, ఇంజనీరు. సున్నం పని తెలిసినవాళ్లు ఇంకెవరూ దొరకలేదని అతనే కబురు పెట్టాడు. వెళ్తే, ఆ గోడ మీద ఇన్నేళ్లూ వేసిన రంగులన్నీ పొరలు పొరలుగా ఉన్నాయి. పూతంతా కొట్టేసి ఇటుక బయటపెట్టమన్నాడు. ఇటుకలు కనబడితే కొనేవాళ్లకి ముచ్చటంట. మా రోజుల్లో ఇటుక కనబడిందంటే, పాపం చేతిలో డబ్బుల్లేక పని ఆపేశారనుకునేవాళ్లం.

ఒళ్లు మండిపోయింది. ఓ మూల రంగు గీకి, తడిగుడ్డ పెట్టి తుడిచాను. ఇంజనీరు మొహం కనబడిందందులో. జుట్టు సవరించుకున్నాడే! అప్పుడు, ఈ గోడ ఉంచేద్దామన్నాడు. నెల్లాళ్లు కూర్చుని రంగంతా నేనే తీశాను, ఈ నడుంతో. మా నాన్న గోడ నిలబడిందని దారిలో కనబడ్డవాళ్లందరికీ చెప్పుకున్నాను కూడా.

మొన్న వెళ్తే ఏం చేశారో తెలుసా? గోడ మొత్తానికీ గాజు బిగించేశారు. చుట్టూ గాలి చొరకుండా ఏదో జిగురు. పైన దీపాలు. ఎవరూ ముట్టుకోకూడదంట. ఒసే, సున్నం గోడకి గాలాడాలి కదా. గోదారి పక్కన నేలలో చెమ్మ గోడలోకి ఎక్కుతుంది, గాలికి ఆరిపోతుంది. ఇప్పుడెక్కడికి పోతుంది? గాజు లోపలంతా చెమట పట్టి కారుతోంది. కింద పూత అప్పుడే పొంగింది.

“గాజు తీసెయ్యండి బాబూ, రెండు వానాకాలాలకి గోడ ఉండదు” అన్నాను.

“డిజైనర్ గారు చూడాలండి, మెయిల్ పెట్టాం. అయినా గోడని కాపాడ్డానికే కదా మేస్త్రి గారూ గాజు పెట్టింది” అన్నాడు ఇంజనీరు.

మెయిల్ వచ్చేదాకా చెమ్మ ఆగుతుందేంటి? అదే అరిచాను. ఆ రోజే పూత కొట్టేసుంటే ఓ రోజు ఏడ్చి ఊరుకునేవాణ్ణి. ఇప్పుడు కొంచెం కొంచెంగా పోతుంటే ఇవతల నిలబడి చూడాలి. నా చెయ్యి కూడా తగలకూడదంట, నా చెయ్యి.

పోనీలే. నువ్వు చల్లగా ఉండు తల్లీ. ఇల్లంటూ కట్టుకుంటే, పిల్లలు మట్టిచేతులతో తడుముకునే గోడలు కట్టించుకో. మురికైతే ఏముంది, గుడ్డ పెట్టి తుడుచుకుంటాం, అంతేగా...