మా వాకిట్లో ఆగిన దొరగారి సైకిలు

"మామ్మా, తాతయ్య పక్కన సైకిలు పట్టుకుని నుంచున్న ఈ తెల్లాయన ఎవరు?"

ఏదీ, ఆ ఫొటో ఇలా ఇయ్యి. కళ్ళజోడు అందుకో. ఓ, ఈయనా! లూసియే అని, దొరగారమ్మా. యానాంలో ఫ్రెంచివాళ్ళున్నప్పుడు మీ తాతయ్య పనిచేసే ఆఫీసుకి పెద్ద. నేను కాపరానికొచ్చిన కొత్తలో... కాదు కాదు, మీ నాన్న కడుపులో ఉన్నాడు, ఆ ఏడు వచ్చారు. మా ఎదురిల్లే. పెళ్ళాం లేదు, పిల్లల్లేరు. మిగతా దొరలంతా సాయంత్రం ఒకచోట చేరి తాగేవారా, ఈయన వరండాలో కూర్చుని సైకిలుకి నూనె రాసుకునేవారు. ఎక్కడం లేదు, చూడూ, రాసుకోడమే.

వాళ్ళ దేశంలో పెద్ద పందెగాడుట. కొండలూ మంచూ దాటుకుంటూ ఫ్రాన్సు చుట్టూ తిరిగొచ్చే పందేలుట. ఆ సంగతి ఎలా పొక్కిందో, మరుసటేడు జూలైలో వాళ్ళ పండక్కి సైకిలు పందెం పెట్టి, "మీరూ తొక్కాలండీ" అని అందరూ పట్టుబట్టారు. మీ తాతయ్యా పేరిచ్చారు. ఆయనకి సైకిలంటే పిచ్చే గానీ, తొక్కడం అంతంతమాత్రం.

గోదారి గట్టు మీంచి మా వీధిలోకొచ్చి పోవాలి. నేను మీ నాన్నని చంకనేసుకుని వాకిట్లో నుంచున్నాను. దొరగారు అందరికన్నా ముందు! సరిగ్గా మా ఇంటి ముందుకొచ్చి, కాలు కిందపెట్టి ఆగిపోయారమ్మా. ఒక్కొక్కళ్ళే దాటిపోతున్నారు, జనం కేకలేస్తున్నారు, ఊఁహూఁ, కదలరు. ఆఖర్న మీ తాతయ్య రొప్పుతూ వచ్చారు. దొరగారు ఆయన చెయ్యి పట్టుకు ఆపి, "ఇంట్లోవాళ్ళని పలకరించి రా, నేనుంటాను" అన్నారట వాళ్ళ భాషలో. నేను సిగ్గుతో చచ్చిపోయాను. ఏం చెయ్యాలో తెలీక రెండు గ్లాసులు మజ్జిగ తెచ్చిచ్చాను. ఇద్దరూ తాగి, కబుర్లాడుకుంటూ అందరికన్నా వెనక చేరారు.

ఆ సాయంత్రం మీ తాతయ్య అడిగితే చెప్పారట. వాళ్ళ పందేల్లో ఒక మర్యాద ఉందిట. ఎవరి సొంతూరు వస్తే వాళ్ళని ముందు పోనిచ్చి, అమ్మానాన్నల్ని ముద్దెట్టుకుని వచ్చేదాకా మిగతావాళ్ళు నెమ్మదిగా తొక్కుతారట. ఓసారి ఈయన ఊరొచ్చింది. వెళ్ళమన్నారు. వాళ్ళమ్మ రోడ్డు పక్కన చేతులు చాపుకుని నుంచుందిట. ఈయన ఆగలేదు. సందు దొరికింది కదాని తొక్కేశారు. నెగ్గారు, పేపర్లో ఫొటో కూడా వేశారట. మర్నాటి నించీ తోటివాళ్ళు ఒక్కళ్ళూ పలకరించలేదు. ముందు తొక్కుతూ ఎదురుగాలికి అడ్డుండేవాళ్ళు లేరు, దాహమేస్తే నీళ్ళిచ్చేవాళ్ళు లేరు. అంతమందిలో రెండుమూడేళ్ళు ఒంటరిగా తొక్కి, ఇంక పడలేక ఇంత దూరం ఉద్యోగానికొచ్చేశారు.

"మరి వాళ్ళమ్మేమందిట?"

ఏమీ అనలేదుటమ్మా. ఇంటికెళితే "ఆకలేస్తోందా" అందిట. అదే ఈయన్ని తినేసింది.

తరవాత యుద్ధం వచ్చింది, దొరగారు వెళ్ళిపోయారు. రేవులో పడవెక్కించడానికి మీ తాతయ్యా నేనూ తప్ప ఎవరూ రాలేదు. కొత్తగా ఏ దొర వచ్చినా మీ తాతయ్య అడిగేవారు, లూసియేగారు తెలుసా అని. అందరూ ఎరగమన్నారు. ఉన్నారో, ఆ యుద్ధంలోనే...

ఇప్పుడు మీ తాతయ్యా లేరు. ఆ పేరు తలుచుకోడానికి ఈ ఊళ్ళో నేనొక్కదాన్నే మిగిలాను. మొన్న పక్కింటివాళ్ళకి చెబితే టీవీ చూస్తూ ఊఁ అన్నారు. నువ్వు అడిగావు, అదే చాలు. పెద్ద చదువులు చదువుతున్నావు, నెగ్గు తల్లీ, బాగా నెగ్గు. నెగ్గొచ్చిన రోజున నీ పక్కన కూర్చుని అన్నం తినేవాళ్ళు నలుగురుండాలి. ఆఁ... ఆ ఫ్యాను కాస్త తగ్గించు.