మిగిలిన బిళ్ళలు చూపించమన్న హజరాబీ గారు

శ్రీమతి షేక్ హజరాబీ గారు 1991 ఆగస్టు 12, సోమవారం ఉదయం ఎనిమిది గంటలకు హిందూపురంలోని మన ఆసుపత్రిలో స్టాఫ్ నర్సుగా చేరారు. 2025 జూలై 31న పరిశోధన విభాగం సీనియర్ కోఆర్డినేటర్‌గా పదవీ విరమణ చేస్తున్నారు. మరో పన్నెండు రోజులుంటే సర్వీసు ముప్ఫై నాలుగేళ్ళు నిండేది. ఆహ్వాన పత్రికలో ముప్ఫై నాలుగేళ్ళని వేద్దామని ఎవరో అంటే, "నిండలేదు కదా, నిండలేదనే రాయండి" అన్నారు. ఈ వ్యాసంలోని అంకెలను ఆ మాట ప్రకారమే రాశాను.

హజరాబీ గారిది పెనుకొండ. తండ్రి మాబుసాబ్ గారు దర్జీ. ఆ దుకాణాన్ని ఇప్పుడు తమ్ముడు షాకిర్ గారు నడుపుతున్నారు. అనంతపురంలో నర్సింగ్ పూర్తిచేసి ఇక్కడ చేరిన హజరాబీ గారు మొదటి పదహారేళ్ళు మగవార్డు, ఆడవార్డు, కాన్పుల గదిలో పనిచేశారు. పెళ్ళయ్యాక కూడా కాపురం పెనుకొండలోనే పెట్టారు. భర్త బాషా గారు హిందూపురం మార్కెట్లో చింతపండు వ్యాపారి. ఉదయం ఇద్దరూ ఒకే రైలెక్కేవారు. స్టేషనులో దిగాక ఆయన మార్కెట్‌కు, ఆమె వార్డుకు వెళ్ళేవారు.

2007లో మన ఆసుపత్రిలో పరిశోధన విభాగం మొదలైంది. దాని అధిపతి డాక్టర్ ఉదయ్ కుమార్ గారు వార్డుల నుంచి ఒక్కరిని అడిగి తీసుకున్నారు. ఆ ఒక్కరు హజరాబీ గారు. మా ఇంట్లో వాళ్ళకే మా పనేమిటో సరిగా తెలియదు కనుక ఇక్కడ ఒక మాట చెప్పాలి. ఒక మందును అందరికీ ఇచ్చే ముందు, తెలిసి ఒప్పుకున్న కొందరికి ఇచ్చి, ఏం జరుగుతుందో చూసి, చూసింది చూసినట్టు రాయడమే మా పని. ఒప్పుకున్నవారికి, డాక్టరుకు, మందు తయారుచేసే కంపెనీకి మధ్య నిలబడి ఆ రాతకు పూచీ పడే మనిషి కోఆర్డినేటర్.

ఆ పనికి ఒక పరీక్ష ఉంది. హజరాబీ గారు నలభై రెండో ఏట ఆ పరీక్ష రాసి నాలుగు మార్కులతో తప్పారు. "తెలియక పోలేదు, ఇంగ్లీషు చదివేలోపల టైమైపాయ" అని ఇప్పటికీ చెబుతారు. తరువాతి ఎనిమిది నెలలు పెనుకొండ, హిందూపురం మధ్య రైల్లో పోయేటప్పుడు ఒక పేజీ, వచ్చేటప్పుడు ఒక పేజీ చదివారు. అర్థం కాని మాటకు గీత గీసి, మరునాడు డాక్టరు గారిని అడిగేవారు. రెండోసారి ఉత్తీర్ణులయ్యారు. ఆ గీతల పుస్తకంతోనే తరువాతి కాలంలో పధ్నాలుగు మందిని ఆ పరీక్షకు తయారుచేశారు. ఆ పధ్నాలుగు మందిలో తప్పినవారు ఇద్దరే. ఆ ఇద్దరూ రెండోసారి నెగ్గారు.

2009లో రక్తపోటు మందు పరీక్ష వచ్చింది. హిందూపురంలో నలభై మంది, పెనుకొండలో పద్దెనిమిది మంది, ధర్మవరంలో ఇరవై ఆరు మంది చేరారు. రోజుకు ఒక బిళ్ళ. నెలకొకసారి తమ ఊళ్ళోని మన క్లినిక్కుకు వచ్చి, వాడిన బిళ్ళల షీట్లు చూపించి, మిగిలిన బిళ్ళలుంటే తిరిగి ఇవ్వాలి. ఎన్ని మిగిలాయో ఎంచి రాసుకోవాలి.

2010 మార్చిలో ధర్మవరం క్లినిక్కుకు ఆటో నడిపే గిరి తొమ్మిది బిళ్ళలు మిగిల్చి తెచ్చాడు. హజరాబీ గారు వరండాలో పదకొండు మంది ముందు అతణ్ణి పది నిమిషాలు తిట్టారు. నీ భార్యకు ఎవరు చెప్పాలి, నీ పిల్లలకు ఎవరు దిక్కు అన్నారు. తన ఇంటి మనిషిని తిట్టినట్టే తిట్టారు. గిరి తల వంచుకొని విన్నాడు.

ఆ మరుసటి నెల నుంచి ధర్మవరంలో ఒక్క బిళ్ళ కూడా మిగలలేదు. ఆ సంగతి పాకి పెనుకొండలోనూ, హిందూపురంలోనూ అదే జరిగింది. ఇలా పదిహేడు నెలలు సాగింది. కంపెనీ నుంచి ప్రశంసా పత్రం వచ్చింది. దాన్ని ఫ్రేము కట్టించి గోడకు తగిలించాం. నూటికి నూరు ఎలా సాధించారో వచ్చి చెప్పమని బెంగళూరులో నవంబరులో జరిగే సదస్సుకు హజరాబీ గారిని పిలిచారు. ఆ నూర్లన్నీ కంప్యూటరులోకి ఎక్కించింది నేను. ఎనభై నాలుగు మంది మనుషులు పదిహేడు నెలల్లో ఒక్క రోజు కూడా మరచిపోకుండా ఉంటారా అన్న అనుమానం నాకు ఒక్కసారి కూడా రాలేదు.

2011 ఆగస్టులో ధర్మవరం క్లినిక్కుకు గంగులమ్మ అనే ఆమె వచ్చింది. మా జాబితాలో ఆ పేరు లేదు. తనకూ ఆ తెల్ల బిళ్ళలు ఇమ్మంది. ఎవరు చెప్పారంటే, "మా పక్కింటి నల్లమ్మ నెలనెలా ఆరో ఏడో ఇస్తాండె. ఈ నెల ఒగటే ఇచ్చింది. యాడ చాలుతాది?" అంది.

నల్లమ్మ మా జాబితాలో ఉంది. హజరాబీ గారు గంగులమ్మను డాక్టరుకు చూపించి, ఆమెకు ఏ హానీ జరగలేదని తేల్చుకున్నాక నేరుగా నల్లమ్మ ఇంటికి వెళ్ళారు. ఆమె రాట్నం ముందు కూర్చుని మగ్గానికి కండెలు చుడుతోంది.

"బిళ్ళలు గంగులమ్మకి ఎందుకిస్తివి, నల్లమ్మక్కా?"

నల్లమ్మ రాట్నం ఆపలేదట. "మిగిల్తే నువ్వు బాధపడతావు కదమ్మా. ఆ పొద్దు గిరిని అంత మాటంటివి. మాకోసరం రైలెక్కి వస్తావు. ఖాళీ షీట్లు చూస్తే నీ మొగం ఎట్ల వెలుగుతాదో నీకేం తెలుసు?"

"మరి పారేయకపోతివా?"

"పారేసేకి మనసు రాల్యా."

తరువాత తొమ్మిది రోజులు హజరాబీ గారు ధర్మవరంలోని ఇరవై ఆరు ఇళ్ళకూ వెళ్ళారు. ఏమీ అననని ముందే మాటిచ్చి అడిగారు. పందొమ్మిది మంది క్లినిక్కుకు వచ్చే ముందు రోజు షీట్లు ఖాళీ చేస్తున్నట్టు ఒప్పుకున్నారు. బియ్యం డబ్బాలోంచి, దేవుడి పటం వెనక నుంచి, కుట్టుమిషను సొరుగులోంచి బిళ్ళలు బయటికి వచ్చాయి. గిరి తన ఆటో సీటు ఎత్తి చూపించాడు. "వాళ్ళు నన్ను మోసం చేయలేదు, నా మొగం చూసి చేసినారు" అని ఆమె మాతో అన్నారు.

మా విభాగంలో అప్పుడు ఏడుగురం ఉన్నాం. ఈ సంగతి కంపెనీకి, ఇలాంటి పరీక్షలను పర్యవేక్షించే నైతిక కమిటీకి రాస్తే సెంటర్ మూసేయవచ్చు. హజరాబీ గారు ఉత్తరం రాసుకొని డాక్టరు గారి గదికి వెళ్ళారు. నేను అక్కడే ఉన్నాను. డాక్టరు గారు ఉత్తరం రెండుసార్లు చదివారు.

"ఇది పోతే ఏడుగురి పని పోవచ్చు, మేడమ్."

"తెలుసు సార్. ఏడో పేరు నాదే."

"పంపకపోతే ఏమవుతుంది?"

"రోజూ మింగినా బీపీ తగ్గలేదని రాసుకుంటారు సార్. ఒకటి చాలదు, రెండియ్యండి అంటారు. ఆ రెండూ మింగేది నల్లమ్మ."

డాక్టరు గారు సంతకం పెట్టారు. తనిఖీకి మనుషులు వచ్చారు. ఐదు నెలలు కొత్తవారిని చేర్చుకోవడం ఆగిపోయింది. ఏడుగురిలో ఇద్దరు వేరే పని చూసుకున్నారు. అందులో ఒకరు ధర్మవరం క్లినిక్కు చూసే పవిత్ర. ఆమె వెళ్ళేటప్పుడు హజరాబీ గారితో మాట్లాడలేదు. ఫ్రేము కట్టించిన పత్రాన్ని హజరాబీ గారే గోడ మీద నుంచి దించారు. ఆ మేకు ఇప్పటికీ అక్కడే ఉంది.

బెంగళూరు సదస్సు వారు తమ ఆహ్వానాన్ని రద్దు చేయడం మరచిపోయారు. హజరాబీ గారు వెళ్ళారు. వేదిక మీద ఏడు నిమిషాలు ఇంగ్లీషులో మాట్లాడారు. మొదటి వాక్యం ఇది: "నూటికి నూరు ఎలా వచ్చిందో చెప్పమన్నారు. నేను తిట్టాను, అందుకు వచ్చింది." ప్రసంగం ముగిశాక ప్రశ్నలేమైనా ఉన్నాయా అని అధ్యక్షుడు అడిగితే ఎవరూ లేవలేదు.

ప్రశ్నలు భోజనాల దగ్గర వచ్చాయి. పళ్ళెం పట్టుకొని వరుసలో నిలబడితే వెనక ఉన్నాయన కన్నడంలో, మాదీ ఇంతేనమ్మా అన్నాడు. పెరుగన్నం దగ్గర ఒకామె తమ ఊళ్ళో బీపీ అంకెలు ప్రతిసారీ సున్నాతోనే ముగుస్తాయని, కొలవకుండా ఉజ్జాయింపుగా వేస్తారని తనకు తెలుసునని చెప్పింది. చేతులు కడుగుకొనే చోట ఇంకొకరు. ఆ పూట ముగిసేసరికి హజరాబీ గారి మెడలోని పేరు కార్డు వెనక పదకొండు ఫోను నంబర్లు చేరాయి. వృత్తిలో పరిచయాలు పెంచుకోవడం గురించి మాకు ఏటా శిక్షణ ఇస్తారు. విజిటింగ్ కార్డు ఏ చేత్తో ఇవ్వాలో కూడా చెబుతారు. తప్పు చెప్పుకున్నవారి దగ్గరికి పదకొండు మంది నడిచి వస్తారని ఏ శిక్షణలోనూ చెప్పలేదు.

ఆ పదకొండు మందిలో ముగ్గురు మన చుట్టుపక్కల వారు. హిందూపురానికీ ధర్మవరానికీ మధ్య రైలు మార్గంలో పెనుకొండ ఉంది కనుక అక్కడ కలుసుకోవాలనుకున్నారు. 2012 ఫిబ్రవరి 11, రెండో శనివారం మధ్యాహ్నం షాకిర్ గారి దుకాణం మేడ మీద గదిలో నలుగురు కూర్చున్నారు. నియమాలు రెండే. వచ్చినవారు ఆ నెల తాము చేసిన తప్పు ఒకటి చెప్పాలి. విన్నవారు తిట్టకూడదు. చెప్పాక దాన్ని కాగితం మీద ఎలా సరిదిద్దాలో, ఎవరికి తెలియజేయాలో అందరూ కలిసి చూస్తారు. మందులుంచే ఫ్రిజ్ ఉష్ణోగ్రతను ఆదివారం చూడకుండా సోమవారం వచ్చి నింపినవారు, సమ్మతి పత్రం చదివి వినిపించకుండా వేలిముద్ర తీసుకున్నవారు, ఎందరో ఆ మెట్లెక్కారు. తప్పులేమీ లేవన్నవారికి కూడా హజరాబీ గారు టీ ఇప్పించేవారు. "వచ్చే నెల బాగా ఎతికి తీసుకురండి" అని పంపేవారు.

పధ్నాలుగో సమావేశానికి, 2013 మార్చిలో, పవిత్ర వచ్చింది. అప్పుడు ఆమె ధర్మవరంలో ఒక చీరల దుకాణంలో పనిచేస్తోంది. ఈ పని వదిలేసిన మనిషికి ఇక్కడేం పని అని ఎవరూ అడగలేదు. తన వంతు వచ్చినప్పుడు లేచి నిలబడింది.

"నల్లమ్మ సంగతి నాకు ముందే తెలుసక్కా. నీకంటే ఆర్నెల్ల ముందు. చెప్తే తిడతావని చెప్పల్యా."

గదిలో ఉన్నవారి మాట ప్రకారం హజరాబీ గారు పవిత్రను కూర్చోమని టీ గ్లాసు అందించారు. తరువాత, "అయితే ఈ నెల నా తప్పు కూడా అదే. రాసుకోండి" అన్నారు. పవిత్ర ఆ ఏడాది జూన్‌లో మళ్ళీ మన విభాగంలో చేరింది. ఆగస్టు ఒకటి నుంచి హజరాబీ గారి కుర్చీలో కూర్చోబోయేది ఆమే.

రక్తపోటు మందు పరీక్ష ఆ సంవత్సరమే ముగిసింది. మన ఉత్తరం అందాక కంపెనీ తక్కిన సెంటర్లలోనూ ఇళ్ళకు వెళ్ళి బిళ్ళలు ఎంచమంది. మన లెక్క నూరు నుంచి డెబ్బై ఆరుకు దిగింది. మిగతా చోట్ల కూడా దిగింది. మోతాదు పెంచాలన్న ప్రతిపాదన ఆగింది. రోజుకు ఒకటే చాలునని చివరి నివేదికలో వచ్చింది. ఆ నివేదికలో హజరాబీ గారి పేరు లేదు. కోఆర్డినేటర్ల పేర్లు వేసే ఆచారం లేదు. అందుకే ఇక్కడ రాస్తున్నాను.

ఆ తరువాతి పన్నెండేళ్ళలో మన విభాగం తొమ్మిది పరీక్షలు చేసింది. పెనుకొండ మేడ మీద నలుగురికి బదులు ఇప్పుడు ఇరవై ముగ్గురు కూర్చుంటున్నారు. కరోనా కాలంలో పద్దెనిమిది నెలలు ఫోనులోనే జరిగినా ఆ సమావేశం ఆగలేదు.

ఈ జూలై 8న హజరాబీ గారు చివరిసారి ధర్మవరం క్లినిక్కుకు వెళ్ళారు. నల్లమ్మకు ఇప్పుడు అరవై ఆరేళ్ళు. పరీక్ష ముగిసి ఎన్నో ఏళ్ళయినా బీపీ బిళ్ళలకు ఇక్కడికే వస్తుంది. ఆ రోజు సంచిలోంచి షీటు తీసి బల్ల మీద పెట్టింది.

"మూడు మిగిల్నాయి. పెండ్లికి పోయింటి, మర్చిపోతి. ఎంచుకో."

హజరాబీ గారు ఎంచి, మూడు అని రాశారు. హజరాబీ గారికి కూడా మూడేళ్ళుగా బీపీ ఉంది. ఈ సంగతి కూతురు షబానా చెబితే మాకు ఈ మధ్యే తెలిసింది. నల్లమ్మకు మాకంటే ముందే తెలుసు.

"నీవెన్ని మిగిల్నాయి?" అని అడిగింది.

హజరాబీ గారు కలం మూతపెట్టి, మళ్ళీ తీశారు. "ఐదు."

"నేనేమీ అనను లే" అంది నల్లమ్మ.

హజరాబీ గారూ, బాషా గారితో, షబానాతో మీరు ఆరోగ్యంగా నూరేళ్ళు జీవించాలని మన ఆసుపత్రి ఉద్యోగులందరి తరఫున కోరుకుంటున్నాను. ఈ నూరు ఒక్కటి మాత్రం పూర్తిగా నిండాలి. రోజుకు ఒక బిళ్ళ తప్పకుండా వేసుకోండి. ఎప్పుడైనా మిగిలితే దాచకండి. ఆగస్టు 9 రెండో శనివారం. పెనుకొండలో మేడ మీద మీ కుర్చీ మీకే ఉంటుంది. ఆ షీటు తీసుకొని రండి. ఎవరమూ ఏమీ అనం.

— రమణ, సమాచార నమోదు, పరిశోధన విభాగం