పదమూడో గడి

ఆదివారం ఆరాధన అయ్యాక, చర్చిలో పాడే అమ్మాయి గనుల ఊరైన బచేలిలో ఓ పెద్దాయన గదికి వచ్చింది. రైల్వేలో రోజూ నడిచి పట్టాలు చూసే కీమేనుగా చేసి రిటైరైన ఆ పెద్దాయన గదిలో ఇంకో మనిషి గొంతు వినపడి ఆరు నెలలైంది. బల్ల మీద, పిడి తిప్పితే గడుల కాగితం మీది చిల్లుల్ని పాటగా పలికే చిన్న పెట్టె ఉంది.

"ఈ చిల్లులన్నీ మీరే పొడిచేరా, తాతగారూ?"

"నానే. గడికో మాత్ర. పట్టాల మీద స్లీపర్లు లెక్కెట్టుకుంటూ నడిచినోణ్ని, నాకిదో లెక్కా?"

అమ్మాయి పిడి తిప్పింది.

"మామ్మగారి కీర్తన! ఆవిడ పోయేక చర్చిలో ఎవరం ఎత్తలేదు."

"ఊఁ."

"కానీ వరసకి పన్నెండు మాత్రలే కదా. మీరు పదమూడు గడులెట్టేరు. ఆఖరిది ఖాళీ."

"తెలుసమ్మా."

"కత్తెర ఇలాగివ్వండి. ఆ గడులు తీసేసి అతికించేస్తాను."

"ఒద్దు! మీ మామ్మకి ఆయాసం కదా, అక్కడ ఊపిరి తీసుకునేది. తాళం తప్పుతన్నావని నలభై ఏళ్లు తిట్టేను."

అమ్మాయి చెయ్యి వెనక్కి తీసుకుంది.

"మళ్లీ తిప్పనా, తాతగారూ?"

"తిప్పమ్మా. ఆ గడి దగ్గర మాత్రం కాస్త నెమ్మదిగా తిప్పు."