చేయి ఎత్తని యేసుదానం

అన్నను పోగొట్టుకున్న సత్యవతి వదినకు, ఈ చర్చి ఆవరణలో మనకు చోటిచ్చిన పాస్టరు గారికి, డ్యూటీ దిగి నేరుగా వచ్చిన తమ్ముళ్లకు, మన పక్క జైపూర్ నుంచి, కాసిపేట నుంచి ఆటోలు మారి వచ్చిన పెద్దలకు నమస్కారం.

నా పేరు నర్సింగం. మన విశ్రాంత గని కార్మికుల సంఘానికి ఆరేళ్లు కార్యదర్శిని. మొన్నటి దాకా.

యేసుదానం అన్న మనల్ని విడిచి ఐదు రోజులైంది. ఈ సభ మన సంఘం హాల్లో జరగాల్సింది. ఆ హాలు కట్టేటప్పుడు ఆయన తన చేతులతో ఇటుకలు అందించాడు. హాలు అడిగితే అధ్యక్షుడు రాయమల్లు, "సభ్యుడే కాని మనిషికి మన హాల్ల సభ ఎట్ల పెడతం" అన్నాడు. అందుకే ఇక్కడ, ఈ షామియానా కింద కూర్చున్నాం. అన్న గురించి మంచి మాటలు చెప్పి వెళ్ళిపోవచ్చు. కానీ ఆయనను సంఘంలో సభ్యుడు కాకుండా చేసింది ఎవరు? అది చెప్పకుండా ఆయన పేరు ఎత్తే అర్హత నాకు లేదు.

ఆయన ముప్పై ఏళ్లు ల్యాంప్ రూంలో క్లర్కు. మీలో చాలామందికి తెలుసు. బొగ్గుబాయి దిగేముందు మన నంబరు బిళ్ళ ఆయన చేతికిచ్చి లైటు తీసుకునేవాళ్లం. పైకి వచ్చాక లైటు ఇచ్చి బిళ్ళ తీసుకునేవాళ్లం. ఒకరోజు మొదటి షిఫ్టు అయిపోయింది. అందరూ స్నానాలు చేసి ఇళ్లకు వెళ్లారు. ఒక్క లైటు రాలేదు. ఎవరో మరిచిపోయి ఇంటికి పట్టుకుపోయి ఉంటారు, రిజిస్టరు మూసెయ్యమన్నారు పైఅధికారులు. ఆయన మూయలేదు. "ఒక్క లైటు రాలే సార్. అందరు పైకొచ్చిండ్రని నేనెట్ల రాస్త?" అన్నాడు. గట్టిగా కూడా అనలేదు. అదే మాట మళ్ళీ మళ్ళీ అన్నాడు. చివరికి నలుగురు మళ్ళీ కిందికి దిగారు. పాత దారిలో, పైకప్పుకు ఊతంగా పెట్టిన దుంగ విరిగిన చోట, స్పృహ లేకుండా పడి ఉన్న మనిషిని పైకి మోసుకొచ్చారు.

ఆ మనిషిని నేనే.

తర్వాత ఇరవై ఎనిమిదేళ్లలో ఆయన ఆ సంగతి నా ముందు ఒక్కసారి కూడా ఎత్తలేదు. ఎత్తాల్సిన రోజు వచ్చినా ఎత్తలేదు.

అన్నలారా, అక్కలారా, రాయమల్లును మనపై ఎవరూ రుద్దలేదు. ఆరేళ్ల కింద మనమే ఓట్లేసి గెలిపించుకున్నాం. ఆ ఎన్నికలు జరిపించింది యేసుదానం అన్నే. నిజం చెప్పాలి కదా, రాయమల్లు మంచి పనులు చేశాడు. మనకు ఉచితంగా మందులిచ్చే దవాఖాన కార్డుల కోసం ఎన్ని ఆఫీసులు తిరిగాడు! ఎవరికి ఒంట్లో బాగాలేకున్నా ముందు వచ్చేవాడు. అందుకే రెండేళ్ల తర్వాత, "మనల మనకు పోటీ ఎందుకు? చేతులెత్తుదాం" అని ఒకరంటే అందరం ఎత్తాం. ఎంత ఐకమత్యం అని మనల్ని మనమే మెచ్చుకున్నాం. ఆ రోజు యేసుదానం అన్న కూడా ఎత్తాడు. తర్వాత ఆయనే అనేవాడు, "నేను గూడ ఎత్తిన నర్సింగం. తప్పు ఆడనే మొదలైంది" అని.

ఆ తర్వాత ఏం జరిగింది? ఎవరైనా కర్ర పట్టుకుని వచ్చారా? ఎవరినైనా కొట్టారా? లేదు. సభలో ప్రశ్న అడగాలంటే ముందే రాసి అధ్యక్షుడికి ఇవ్వాలన్నారు. గొడవలు తగ్గుతాయి కదా అనుకున్నాం. దవాఖాన కార్డు మీద సంతకం అధ్యక్షుడి గదిలోనే జరుగుతుందన్నారు. పని త్వరగా అవుతుంది కదా అనుకున్నాం. ప్రశ్న అడిగినవాడి కార్డు మాత్రం నెల రోజులు ఆగేది. అది యాదృచ్ఛికం అనుకున్నాం. అనుకోవడం మనకు సులువుగా ఉండింది.

రెండేళ్ల కింద ఎండాకాలంలో సర్వసభ్య సమావేశం పెట్టారు. పెన్షను కేసు కోర్టులో ఉంది, ఇప్పుడు నాయకుణ్ణి మారిస్తే కేసు పాడవుతుంది, కాబట్టి రెండేళ్లకోసారి ఎన్నిక అనే నిబంధన తీసేద్దామన్నారు. ఒప్పుకున్నవాళ్లు చేతులెత్తండి అన్నారు. హాలంతా చేతులు లేచాయి. మూడో వరుసలో ఒక్క మనిషి రెండు చేతులూ మోకాళ్ల మీద పెట్టుకుని కూర్చున్నాడు. పక్కవాళ్లు మోచేత్తో పొడిచారు. వెనక నుంచి ఎవరో నవ్వారు. ఆయన లేవలేదు, అరవలేదు. అట్లా కూర్చున్నాడు, అంతే.

నేను మినిట్స్ పుస్తకంలో 'ఏకగ్రీవంగా ఆమోదించడమైనది' అని రాశాను.

మర్నాడు ఆయన మా ఇంటికొచ్చాడు. గుమ్మంలోనే నిలబడి అడిగాడు. "నర్సింగం, నా చెయ్యి లెవ్వలే. నువ్వు చూసినవు. ఏకగ్రీవం అని ఎట్ల రాసినవు?" నేను, "ఒక్కనివే గదా అన్నా" అన్నాను.

ఒక్కనివే గదా. ఆ మాట ఎవరితో అన్నానో చూడండి. ఒక్క లైటు కోసం రిజిస్టరు మూయని మనిషితో అన్నాను. ల్యాంప్ రూం మాట ఆయన నోటి దాకా వచ్చిందో లేదో నాకు తెలియదు. "పైలం" అని జాగ్రత్త చెప్పి వెళ్ళిపోయాడు.

ఐకమత్యం చెడగొట్టాడని ఆ వానాకాలంలోనే ఆయనను సంఘం నుంచి తొలగించారు. ఆ ఉత్తరం కూడా నా చేతిరాతే. తర్వాత మనం ఆయనతో ఎట్లా ఉన్నామో మీకు చెప్పాలా? చౌరస్తా దగ్గర హోటల్లో ఆయన వస్తే చాయ్ సగంలో వదిలి లేచినవాళ్లం మనం. షేర్ ఆటోలో ఆయన ఉంటే తర్వాతి ఆటో ఎక్కినవాళ్లం. ఎవరూ అట్లా చెయ్యమని మనకు చెప్పలేదు. మనంతట మనమే నేర్చుకున్నాం. సత్యవతి వదిన మొన్న నాతో ఒక మాట చెప్పింది. "ఇంట్ల గూడ మాట్లాడుడు తక్కువ చేసిండు. ఏందని అడిగితె, అలవాటు తప్పింది సత్యవతీ అన్నడు" అని.

ఆ చలికాలంలో, పాత నిబంధన ప్రకారం ఎన్నిక జరగాల్సిన రోజు వచ్చింది. ఆయన పొద్దున తొమ్మిదింటికి సంఘం గేటు ఎదురుగా, రోడ్డుకు అవతల, కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. ఒళ్లో ఓటర్ల జాబితా. స్టూలు మీద మూతకు చీలిక కోసిన బిస్కెట్ల డబ్బా. నేను పైఅంతస్తు కిటికీలోంచి చూస్తున్నాను. పక్కన రాయమల్లు ఉన్నాడు. "కూసోనియ్యి. ఎవలు పోతరో మనకు గూడ తెలుస్తది" అన్నాడు. పొద్దుటి నుంచి ఒక్కరూ పోలేదు. నేనూ దిగలేదు. మెట్లు పద్దెనిమిదే.

మధ్యాహ్నం సారక్క వెళ్లింది. అదిగో, ముందు వరుసలో కూర్చుంది. భర్తను బాయిలో పోగొట్టుకున్న మనిషి, గుండె జబ్బు. "అన్నా, నేను ఓటేస్తె నా కార్డు మీద సంతకం పెడతరా?" అని అడిగిందట. ఆయన అన్నాడట, "పెట్టరేమో చెల్లె. నీ మందులు ముఖ్యం. నువ్వు ఇంటికి పో." ఆ రోజంతా ఒక్క ఓటు కోసం ఎదురుచూసిన మనిషి, వచ్చిన ఒక్క ఓటును తనే వెనక్కి పంపాడు.

నాలుగింటికి తన ఓటు తను వేసుకున్నాడు. డబ్బా తెరిచి లెక్కపెట్టాడు. కాగితం మీద రాసి కరెంటు స్తంభానికి అంటించి, కుర్చీ భుజాన వేసుకుని వెళ్ళిపోయాడు. సాయంత్రం నేను వెళ్లి చదివాను. 'పోలైన ఓట్లు ఒకటి. కోరం లేదు. ఈ ఎన్నిక చెల్లదు. యేసుదానం.' తాను గెలిచానని రాసుకోలేదు. అడిగేవాళ్లు, చూసేవాళ్లు ఎవరూ లేని చోట కూడా ఆయన అబద్ధం రాయలేదు. నేనేమో మూడు వందల మంది ముందు రాశాను.

మనది చిన్న సంఘం. కానీ పెద్ద పెద్ద దేశాలు కూడా ఇట్లానే పోతాయేమో. ఓటు వేసి తెచ్చుకున్నదాన్ని, చేతులెత్తి, చప్పట్లు కొట్టి, పోగొట్టుకుంటాయేమో.

ఆయన పోవడానికి రెండు రోజుల ముందు నేను దవాఖానకు వెళ్లాను. "కూసో నర్సింగం. ఎవలన్న చూస్తరని ఫికర్ లేకుంటె కూసో" అన్నాడు. కూర్చున్నాను. క్షమించమని అడగాలని వెళ్లినవాణ్ణి. మందుల సంగతి మాత్రం అడిగాను. ఆయనే అడిగాడు, "మల్ల ఎలక్షన్లు ఎప్పుడు?" అని. నా దగ్గర చెప్పడానికి తేదీ లేదు. ఆయన గోడ వైపు తిరిగి పడుకున్నాడు. నేను ఆయనను చూడడం అదే చివరిసారి.

మొన్న నేను కార్యదర్శి పదవికి రాజీనామా ఇచ్చాను. ఎన్నికలు జరిపించమని రిజిస్ట్రారుకు అర్జీ రాశాను. దాని మీద నా ఒక్క సంతకమే ఉంది. రెండు రోజులుగా నా ఫోను మోగలేదు. నా పక్కింటి రఘుపతి పొద్దున నన్ను చూసి లోపలికి వెళ్లి తలుపు వేసుకున్నాడు. రెండు రోజులకే నాకు ఇట్లా ఉందే, రెండేళ్లు ఆయన ఎట్లా బతికాడు? వదినా, నన్ను క్షమించమని అడగను. అడగాల్సిన మనిషిని అడగలేకపోయాను.

ఆ అర్జీ నా జేబులోనే ఉంది. ఇక్కడ బయటికి తియ్యను. దుఃఖంలో ఉన్నవాళ్లతో సంతకాలు పెట్టించుకోవడం అన్నకు నచ్చే పని కాదు.

ఇక ఆయన కోసం రెండు నిమిషాలు మౌనంగా నిలబడదాం. మనం ఆయనకు రెండేళ్లు ఇచ్చింది కూడా మౌనమే. అది భయపడి ఇచ్చాం. దీన్నైనా మనసుతో ఇద్దాం. పక్కవాళ్లు లేచారని మీరు లేవకండి. లేవాలని మీకు అనిపిస్తేనే లేవండి. కూర్చున్నవాళ్ల వైపు ఎవరూ తిరిగి చూడరు.

నేను నిలబడే ఉన్నాను.