కారు కొనేముందు మాస్టారిని పిలిచేవాళ్ళం

రామచంద్రపురం పెద్దలకు, ఎండనపడి పల్లెల నుంచి వచ్చిన రైతు సోదరులకు, మాస్టారి దగ్గర చదువుకున్న నాలాంటివాళ్ళకు నమస్కారం. సూర్యప్రకాశం మాస్టారు పోయి ఇవాళ్టికి పదిహేను రోజులు. అమ్మగారు మాణిక్యాంబ గారు నన్ను కూడా రెండు మాటలు మాట్లాడమన్నారు. ఏ మొహం పెట్టుకుని మాట్లాడతాను? రాకుండా ఎగ్గొడదామనే అనుకున్నాను. కాళ్ళే లాక్కొచ్చాయి.

నా పేరు మణిశంకర్. రాజమండ్రిలో ఒక కార్ల షోరూమ్‌కి మేనేజర్ని. ఇంటర్‌లో మాస్టారు నాకు ఫిజిక్స్ చెప్పారు. రిటైరయ్యాక ఆయనకి ఊరు అప్పజెప్పిన పనేంటో మీకు తెలియంది కాదు. పెళ్ళిచూపులకి ఇంటి పెద్దని వెంటబెట్టుకెళ్ళినట్టు, మనవాళ్ళు కారు కొనడానికి మాస్టారిని తీసుకొచ్చేవారు. తక్కువ తాగేదేదో, తక్కువ పొగ వదిలేదేదో ఆయన చూసి చెప్పాలి. ఆయన రంగు చూసేవారా? లేదు. సన్‌రూఫ్ చూసేవారా? లేదండి. ముందు కొనేవాళ్ళని చూసేవారు. రోజూ ఎంత దూరం వెళ్తారు, ఎంతమంది ఎక్కుతారు, మీ సందులో ఎదురుగా బండొస్తే ఎలా తప్పుకుంటారు, ఇవే అడిగేవారు. ఇంతా చేసి మా దగ్గర కాఫీ చుక్క ముట్టేవారు కాదు.

సంపూర్ణమ్మ టీచరు గారు ముందు వరసలోనే ఉన్నారు. అమ్మా, ఆ రోజు మీరు పెద్ద బండి మీద మనసుపడి వచ్చారు. నేను బ్రోచర్లో మైలేజీ చూపించి ఊదరగొడుతున్నాను. మాస్టారు ఏమన్నారు? "అది ల్యాబులో వచ్చిన మార్కమ్మా. మన గతుకుల్లో అంత రాదు. ట్యాంకు నిండా కొట్టించి తిరిగినవాళ్ళని అడుగు" అన్నారు. లీటరు పెట్రోలు కాలితే రెండు కేజీల పైన కార్బన్ డయాక్సైడ్ వస్తుందంటే మీరు నవ్వేశారు. పెట్రోలే ముప్పావు కేజీ ఉంటే రెండు కేజీలు ఎక్కడివండీ అన్నారు. "గాలిలో ఆక్సిజన్ వచ్చి కలుస్తుందమ్మా" అని ఓపిగ్గా చెప్పారు. మీరు చిన్న కారు తీసుకున్నారు. నేను లోపల పళ్ళు నూరుకున్నాను.

ఇప్పుడు అసలు సంగతికి వస్తాను. వెంకటరాజు గారూ, ఇది మీకూ నాకూ తెలిసిన కథ. మీకు పెద్ద డీజిల్ బండి కావాలి. మీ వియ్యంకులకి ఉంది కదా మరి! మాస్టారు మీ ఇంటి నుంచి కొబ్బరి తోటకి ఎంత దూరమని అడిగారు. మూడు కిలోమీటర్లన్నారు. "వద్దు రాజుగారూ. కొత్త డీజిళ్ళలో మసిని పట్టే ఫిల్టరుంటుంది. హైవే మీద వేడెక్కేలా నడిస్తేనే అది శుభ్రపడుతుంది. తోటకీ ఇంటికీ తిప్పితే మూసుకుపోతుంది" అన్నారు. నేనేమన్నాను? పాఠాలు బళ్ళోనండీ, బళ్ళు మా దగ్గరండీ అన్నాను. అందరూ నవ్వారు. మాస్టారు కూడా నవ్వారు. బండి అమ్మేశాను.

ఆరు నెలలు తిరక్కుండా ఆ ఫిల్టరు మూసుకుపోయింది. చిన్నమ్మాయి నిశ్చితార్థానికి వెళ్తుంటే రావులపాలెం సెంటర్లో బండి ఆగిపోయింది. మర్నాడు రాజుగారు షోరూమ్ కప్పెగిరిపోయేలా అరిచారు. మాస్టారు అప్పుడే చెప్పారన్నారు. తప్పు నాదని ఒప్పుకోవాలి కదా? ఒప్పుకోలేదండి. నా ఉద్యోగం కాపాడుకోవడానికి ఒక్క మాటన్నాను. "ఆయనది మచ్చ నాలుకండి. అన్నారంటే జరిగి తీరుతుంది."

అంతే. ఛీ, ఎంత తేలిగ్గా వచ్చిందో నా నోట ఆ మాట! ముహూర్తం చూసి గానీ బండి తాళం అందుకోని మనుషులం మనం. నమ్మకుండా ఉంటామా? నెల తిరిగేసరికి కాలవ గట్ల వెంబడి ఊరూరా పాకింది. సైన్సు చెప్పిన మనిషిని అపశకునం చేసి కూర్చోబెట్టాం.

ఆ తర్వాత ఒక్కసారే వచ్చారు. బుల్లెమ్మ గారి బండి డెలివరీ రోజది. టైర్ల కింద నిమ్మకాయలు పెడుతున్నారు. మాస్టారిని చూసి ఎవరో, కాసేపు అవతల నిలబడమన్నారు. ఆయన బయటికెళ్ళి ఎండలో నిలబడ్డారు. నేను ఏసీలో, అద్దం వెనకాల నిలబడ్డాను. బండి వెళ్ళిపోయాక లోపలికొచ్చి, "మణీ, ఇదీ డీజిలే కదరా. వారానికోసారి హైవే మీద తిప్పమని చెప్పావా?" అని అడిగారు. ఆయన అడిగింది అంతే! చెప్పానని అబద్ధమాడాను. మళ్ళీ ఆయన రాలేదు.

మొన్న అమ్మగారు నన్ను పిలవడానికి ఫోన్ చేసినప్పుడు ఒక మాట చెప్పారు. చివరి ఏడాదంతా మాస్టారు ఉతికిన చొక్కా వేసుకుని వీధరుగు మీద కూర్చునేవారట. "కార్లు కొంటూనే ఉన్నారు కదే, నన్నెవరూ పిలవట్లేదేంటి? ఎవరికైనా తప్పు చెప్పానా?" అని అడిగేవారట. "ఎందుకో నీకేమైనా తెలుసా బాబూ?" అని అమ్మగారు నన్నడిగారు. తెలియదండీ అన్నాను.

అమ్మగారూ, తెలుసండి. మాస్టారు ఎవరికీ తప్పు చెప్పలేదు. ఆ మచ్చ నాలుక మాట పుట్టించింది నేను.

అందరూ ఒకసారి లేవండి. మాస్టారి కోసం రెండు నిమిషాలు మౌనంగా నిలబడదాం. తర్వాత మీరు నన్నేమన్నా అనండి. నేను ఇక్కడే ఉంటాను.