రెండో కోటు

కంటి ఆస్పత్రిలో ఒక గది. మంచం మీద రంగుల మేస్త్రీ, రెండు కళ్ళకీ కట్టు. పక్కన అదే ఆస్పత్రి ల్యాబులో పనిచేసే చెల్లెలు.

“...పెంచారట, పెంచారట! కన్నేమన్నా పెరుగా, గిన్నెలో తోడేసి మూత పెట్టడానికి?”

“కన్ను కాదన్నయ్యా, కంటి మీది పొర. నీ ఎడమ కంట్లోంచి బియ్యపు గింజంత తీసి, అందులో కణాల్ని పెంచి, నీ కుడి కంటికి అతికించి...”

“గింజంత తీసి గంపెడు కబుర్లు! నాలుగేళ్ళ కింద కుడి కంట్లో సున్నం పడింది, చూపు సున్నా అయింది. సున్నాని ఎంతతో హెచ్చవేసినా సున్నానే. దానికోసం వారం నుంచి కళ్ళు రెండూ కట్టేసి ఏ గదిలో పడేశారో కూడా తెలీదు.”

“కదలకు. కట్టు జరుగుతుంది.”

“మొదటిసారి పెంచిన పొర ఏమైంది? చెప్పు, చెప్పు.”

“...బూజు పట్టింది.”

“బూజు! అన్నేమో ఊళ్ళో బూజులు దులుపుతాడు, చెల్లెలేమో జీతం తీసుకుని మరీ పట్టిస్తుంది!”

“ఈసారి పట్టలేదుగా! రోజూ నేనే ఆ కణాలకి మేత మార్చాను. ఆదివారాలు కూడా.”

“తెలుసులేవమ్మా. మా పిల్ల పుట్టినరోజుకి రమ్మంటే ‘కణాలకి ఆకలేస్తుంది’ అన్నావు. దానికి మేనత్తవా, కణాలకి ఆయావా?”

“అన్నయ్యా, ఇదీ అంటుకోకపోతే మళ్ళీ ఎడమ కన్ను కోయడం కుదరదు. ఉన్న చూపుకే ముప్పు. ఇదే ఆఖరు.”

“పోతే పోనీ. ఎవరడిగారు? ఒంటికన్నుతోనే పోయినేడు ఈ ఆస్పత్రి గదులన్నిటికీ రంగు వేశాను. ఒక్కడు వంక పెట్టాడా?”

“అది... నీళ్ళు తాగుతావా?”

“నువ్వు నీళ్ళు నమలకు! పెట్టాడా, లేదా?”

“డాక్టరమ్మ వస్తున్నారు, చూడు.”

“చూడాలా? దేంతో?”

“ఏం మేస్త్రీ, నీ గొంతు వరండా చివరిదాకా వినిపిస్తోంది! కుడి కంటి కట్టు ఒక్కటే తీస్తున్నా. ఆఁ, మెల్లగా తెరువు.”

“తెరిచాను డాక్టరమ్మా. మబ్బు. నే చెప్పలా? కణాలూ లేవు, కాకరకాయా లేదు.”

“తొందరపడకన్నయ్యా. రెప్ప కొట్టు. మళ్ళీ కొట్టు.”

“కొడుతున్నా. మబ్బే. వట్టి మబ్బే. చెల్లాయ్... చెయ్యి వదలకు.”

“వదల్లేదు.”

“ఏదో తెల్లగా... గోడ... ఛీ! అదీ ఒక గోడేనా? కిటికీ పక్కనంతా చారలు చారలు! ఆ పై మూల రెండో కోటే పడలేదు. అంచు గీత చూడు, పాము పాకినట్టు!”

“అన్నయ్యా, నీ ఎడమ కంటికి ఇంకా కట్టుంది...”

“ఉంటే ఉండనీ! ఆ గోడని తగలేసిన వెధవ ఎవడో ముందు చెప్పు. వాడికి కళ్ళు లేవా?”

“అప్పట్లో ఒకటే ఉండేదన్నయ్యా.”